రివార్ వారి అబ్బాయి

1722 ఆగస్టులో బోస్టన్‌లో జాన్ కోనీ అనే పేరుమోసిన కంసాలి చనిపోయాడు. అప్పటి రివాజు ప్రకారం పెద్దమనుషులు వచ్చి ఆయన ఇంట్లో, కొట్లో ఉన్న సామానంతటికీ వెల కట్టి జాబితా రాశారు. అందులో ఒక పద్దు వస్తువు పేరిట లేదు. పాల్ రివార్ అనే కుర్రాడి ‘కాలం’, ఒప్పందం ప్రకారం ఇంకా సుమారు మూడున్నరేళ్లు, వెల 30 పౌండ్లు అని రాశారు. తర్వాత అదే లెక్కల్లో ఇంకో పద్దు పడింది. ఆ కుర్రాడి కాలానికి కట్టిన వెల మీద 10 పౌండ్లు ఎక్కువే వసూలైందట.

పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లాడు యజమాని దగ్గర ఇన్నేళ్లు చాకిరీ చేస్తానని పత్రం రాసిచ్చే రోజులవి. యజమాని పోతే ఆ మిగిలిన ఏళ్లు కూడా ఆస్తి కిందే లెక్క. వాటిని ఇంకెవరికైనా అమ్ముకోవచ్చు. ఈ కుర్రాడు 40 పౌండ్లు కట్టి తన కాలాన్ని తానే కొనుక్కున్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. కన్నవాళ్లు సముద్రానికి ఆవల, ఫ్రాన్స్‌లో ఉన్నారు.

అతని కొడుకే పాల్ రెవీర్. 1775 ఏప్రిల్ 18 రాత్రి బోస్టన్ నుంచి గుర్రమెక్కి, బ్రిటిష్ సైన్యం కదిలిందని ఊరూరా తలుపులు తట్టి చెప్పిన మనిషి. లాంగ్‌ఫెలో 1860లో రాసిన పద్యం పుణ్యమా అని అమెరికాలో బడికి వెళ్లిన ప్రతి పిల్లాడికీ ఆ సవారీ సంగతి తెలుసు. కొడుకు గుర్రపు దౌడు ముందు తండ్రి ఓడ ప్రయాణం మరుగున పడిపోయింది. నన్నడిగితే ఆ ఇంటి అసలు కథ తండ్రిదే.

ఐజాక్ రాసిపెట్టిన నాలుగు ముక్కలు

పుట్టినప్పుడు అతని పేరు అపోలోస్ రివార్. బోర్డో నగరానికి తూర్పున, డోర్డోన్య నది ఒడ్డున సాంత్ ఫ్వా లా గ్రాండ్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల పల్లె రియోకో వాళ్లది. తండ్రి ఐజాక్ రివార్, తల్లి సెరెన్ లాంబెర్. వాళ్ల పెళ్లి 1694లో జరిగింది. ఐజాక్ ఇంటి సంగతులు రాసిపెట్టుకునే అలవాటున్న మనిషి. కొడుకు గురించి ఆయన రాసింది నాలుగే ముక్కలు. 1702 నవంబరు 30 రాత్రి సుమారు పది గంటలకు పుట్టాడు. రియోకోలో బాప్తిస్మం ఇప్పించాం. జ్ఞానతండ్రిగా నిలబడింది నా తోడబుట్టిన అపోలోస్. 1715 నవంబరు 21న గెర్న్‌సీకి బయల్దేరాడు.

తేదీలు చూడండి. పదమూడో ఏడు నిండడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉండగానే పిల్లాడు ఇల్లు వదిలాడు. పుట్టిన ఘడియ, గడప దాటిన రోజు రెండూ ఒకేచోట రాసుకున్నాడు తండ్రి. తర్వాతి తరాల్లో ఆ వంశం వేళ్లు వెతుకుతూ వచ్చినవాళ్లకి పట్టు దొరికింది ఆ రాతలోనే.

పదమూడేళ్లయినా నిండని పిల్లాణ్ని ఎందుకు పంపేశారు? వాళ్లు హ్యూగనాట్లు కాబట్టి. కాల్విన్ బోధను నమ్మిన ఫ్రెంచి ప్రొటెస్టెంట్లని ఆ పేరుతో పిలిచేవారు. పదహారో శతాబ్దంలో కేథలిక్కులకీ వాళ్లకీ మధ్య మూడు దశాబ్దాలకు పైగా యుద్ధాలు నడిచాయి. 1572లో ప్యారిస్‌లో మొదలైన సెయింట్ బార్తొలోమ్యూ ఊచకోతలో వేలమంది చనిపోయారు. చివరికి నాలుగో హెన్రీ 1598లో నాంట్ శాసనం ఇచ్చి, వాళ్ల ఆరాధన వాళ్లు చేసుకోవచ్చన్నాడు. ఆయన మనవడు పద్నాలుగో లూయీ 1685 అక్టోబరులో దాన్ని రద్దు చేశాడు. ప్రొటెస్టెంట్ గుళ్లు కూలగొట్టమన్నాడు. పాస్టర్లు పదిహేను రోజుల్లో మతమైనా మారాలి, దేశమైనా విడిచి పోవాలన్నాడు. మామూలు జనానికి మాత్రం దేశం దాటడమే నేరం చేశాడు. పట్టుబడిన మగవాళ్లని రాజు ఓడల్లో తెడ్లు వెయ్యడానికి గొలుసులతో కట్టేవారు. ఆడవాళ్లని జైళ్లలో, కాన్వెంట్లలో పెట్టేవారు. శాసనం రద్దు కావడానికి ముందే, 1681 నుంచి, గుర్రపు దళాల సైనికుల్ని హ్యూగనాట్ల ఇళ్లలో దించారు. మతం మారేదాకా ఆ సైనికులు ఇంటిల్లిపాదినీ తిండీ నిద్రా లేకుండా వేధించేవారు. ఇన్ని కట్టడుల మధ్య కూడా దాదాపు రెండు లక్షల మంది దొంగదారుల్లో దేశం దాటారు. హాలెండ్, ఇంగ్లండ్, జర్మన్ సంస్థానాలు, స్విట్జర్లాండ్ వాళ్లని ఆదుకున్నాయి.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. పద్నాలుగో లూయీకి గోల్కొండ వజ్రాలమ్మిన టావెర్నియే కూడా ప్రొటెస్టెంటే. మన పల్నాటి కృష్ణా తీరంలోని కొల్లూరు గనిదని చరిత్రకారులు భావించే పెద్ద నీలి వజ్రాన్ని ఆయన ఆ రాజుకే అమ్మాడు. దాన్ని సానబట్టగా మిగిలిందే ఇప్పుడు వాషింగ్టన్‌లో హోప్ వజ్రం పేరుతో ఉంది. గోల్కొండ దాకా వచ్చి వెళ్లిన మరో హ్యూగనాట్ నగల వర్తకుడు జాన్ షార్దాన్ వేధింపులు తాళలేక 1681లో ఇంగ్లండ్ చేరి అక్కడే స్థిరపడ్డాడు. టావెర్నియే కూడా బతుకు చివర్లో ఫ్రాన్స్ విడిచి, 1689లో మాస్కోలో కన్నుమూశాడు. వజ్రాలు తెచ్చి కిరీటాన్ని నింపిన చేతుల్ని కూడా ఆ రాజ్యం నిలుపుకోలేకపోయింది.

హ్యూగనాట్ పూర్వీకుల్ని వెతికేవాళ్లకి కష్టం ఆ శాసనం రద్దుతోనే మొదలవుతుంది. అప్పట్లో ఫ్రాన్స్‌లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు చర్చి రిజిస్టర్లలోనే నమోదయ్యేవి. 1685 తర్వాత చట్టం దృష్టిలో ఉన్నది కేథలిక్ చర్చి ఒక్కటే. అక్కడికి వెళ్లి బాప్తిస్మం ఇప్పించకపోతే పిల్లాడు పుట్టనట్టే. పెళ్లి అక్కడ జరక్కపోతే ఆ పిల్లలకి వారసత్వం లేదు. కొందరు పైకి కేథలిక్కులుగా నమోదై, ఇంట్లో తమ ప్రార్థన తాము చేసుకునేవారు. కొందరు కొండల్లో, అడవుల్లో రహస్యంగా కలుసుకుని అక్కడే పెళ్లిళ్లు చేసుకునేవారు. 1787లో పదహారో లూయీ సహన శాసనం తెచ్చేదాకా ఇదే వరస. నూరేళ్ల పైచిలుకు కాలం ఒక జనం మొత్తం లెక్కల్లోకి దొంగచాటుగా ఎక్కాల్సి వచ్చింది. అందుకే ఐజాక్ లాంటి తండ్రి ఇంట్లో రాసిపెట్టుకున్న కాగితానికి అంత విలువ.

వెళ్లలేక ఉండిపోయినవాళ్ల గతి ఏమిటో మారీ డ్యూరాన్ కథ చెబుతుంది. ఆవిడ అపోలోస్ కన్నా తొమ్మిదేళ్లు చిన్నది, 1711లో పుట్టింది. అన్న రహస్యంగా బోధ చేసే పాస్టర్. 1730లో ఆవిణ్ని పట్టుకుని దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎగ్‌మోర్ట్ కోటలో కాన్స్టాన్స్ బురుజులో పెట్టారు. అన్నని 1732లో ఉరి తీశారు. నమ్మకం వదులుకుంటే వదిలేస్తామన్నా ఆవిడ ఒప్పుకోలేదు. బయటికి వచ్చేసరికి 1768. ముప్పై ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. బురుజు మధ్యలోని రాతి చుట్టు మీద ‘ఎదిరించు’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట ఇప్పటికీ ఉంది. అది ఆవిడ చెక్కిందేనని అక్కడివాళ్ల నమ్మకం.

ఆ రెండు సంవత్సరాలూ గుర్తుంచుకోండి. మారీ బురుజులోకి వెళ్లిన 1730లో అపోలోస్ బోస్టన్ పత్రికలో తన కొట్టు గురించి ప్రకటన వేయించుకున్నాడు. ఆవిడ బయటికొచ్చిన 1768లో అతని కొడుకు, రాజు ఆజ్ఞని ధిక్కరించిన 92 మంది శాసనసభ్యుల గౌరవార్థం వెండి గిన్నె కొట్టాడు. ఒకే తరానికి చెందిన ఇద్దరు ఫ్రెంచి పిల్లల బతుకులు అంత దూరంగా విడిపోయాయి.

అపోలోస్‌ని పాల్‌గా మార్చిన ఊరు

గెర్న్‌సీ అనేది ఫ్రాన్స్ తీరానికి దగ్గరగా ఉన్న ద్వీపం, ఇంగ్లండ్ రాజు ఏలుబడిలో ఉంది. అపోలోస్ తండ్రి సోదరుడు సైమన్ రివార్ అప్పటికే పారిపోయి వచ్చి అక్కడ ఉంటున్నాడు. ఆయనే పిల్లాడికి ఓడ ఖర్చులు పెట్టి, కంసాలి పని నేర్పించే ఏర్పాటు చేసి బోస్టన్ పంపించాడు. మంచి పనివాడి చేతికిందే పడ్డాడు కుర్రాడు. న్యూ ఇంగ్లండ్ వెండి పని గురించి రాసేవాళ్లు కోనీ పేరు ఇవాళ్టికీ ముందువరసలో చెబుతారు. కుంపటి ఊదడం, వెండి కరిగించి కడ్డీ పోయడం, రేకుగా సాగకొట్టడం, సుత్తి దెబ్బ మీద దెబ్బ వేస్తూ ఆ రేకుని గిన్నెగా లేపడం, అంచు మీద లత చెక్కడం, అన్నీ ఆ కొట్లోనే ఒంటబట్టాయి.

బోస్టన్‌లో హ్యూగనాట్ల గుడి స్కూల్ స్ట్రీట్‌లో ఉండేది. వాళ్ల సంఖ్య ఎన్నడూ పెద్దది కాదు. 1700 నాటికి అమెరికా మొత్తం మీదికి వచ్చిన హ్యూగనాట్లు రెండు వేలకు అటూ ఇటేనని ‘ది హ్యూగనాట్స్ ఇన్ అమెరికా’ రాసిన చరిత్రకారుడు జాన్ బట్లర్ లెక్క. న్యూయార్క్ దగ్గర న్యూ రోషెల్, న్యూ పాల్ట్జ్, దక్షిణాన చార్లెస్టన్, వర్జీనియాలో మనకిన్ లాంటి చోట్ల గుంపులుగా స్థిరపడినా రెండు తరాలు తిరిగేసరికి భాషా పోయింది, గుడీ పోయింది. ఇంగ్లిష్ ఇళ్లల్లో పెళ్లిళ్లు చేసుకున్నారు, ఇంగ్లిష్ గుళ్లకి వెళ్లారు. 1748 నాటికి బోస్టన్ ఫ్రెంచి గుడి మూతబడింది.

అపోలోస్ కూడా అదే దారి పట్టాడు. కోనీ లెక్కల్లో అప్పటికే పేరు పాల్‌గా మారింది, ఇంటిపేరు ఇంకా రివారే. తెలుగు బైబిల్ చదివినవాళ్లకి పౌలు, అపొల్లో అనే జంట పేర్లు తెలిసే ఉంటాయి. కొత్త ఊళ్లో పాత పేరుకి బదులు కావాల్సి వచ్చినప్పుడు ఆ పక్క పేరే అతనికి తోచి ఉంటుందని నాకనిపిస్తుంది. 1730 ప్రకటనకి వచ్చేసరికి ఇంటిపేరు కూడా రెవీర్ అయిపోయింది. కంసాలి పాల్ రెవీర్ రేవు దగ్గరి చోటు వదిలి నార్త్ ఎండ్‌లో కర్నల్ హచిన్సన్ ఇంటి ఎదురుగా కొట్టు మార్చాడని అందులో ఉంది. స్థానికులకి నోరు తిరగడం కోసమే పేరు మార్చుకున్నాడని వాళ్లింట్లో చెప్పుకునేవారు.

అతనొక్కడే కాదు, ఆ తరం పేర్లన్నీ అలాగే అరిగిపోయాయి. బోడ్వాన్ కాస్తా బౌడిన్ అయింది. బోస్టన్‌కి సొంత డబ్బుతో 1742లో పెద్ద సభామందిరం కట్టించి ఇచ్చిన పీటర్ ఫెన్యుల్ సమాధి గ్రానరీ శ్మశానంలో ఉంది. దాని మీద ఎవరో చెక్కిన పేరు ‘పి. ఫునెల్’. ఊరికంతటికీ తెలిసిన ధనవంతుడి పేరే అంత వంకరపోతే, అప్పుడే వచ్చిన కూలీ పేరు గుమాస్తా చేతిలో ఏమై ఉంటుందో చెప్పాలా! ఈ వంశాలని వెతికేవాళ్లు ఒక్కో పేరుకి ఎన్నో రూపాలు పక్కన పెట్టుకుని రిజిస్టర్లు తిరగేస్తారు.

1729లో అతను డెబోరా హిచ్‌బార్న్‌ని పెళ్లాడాడు. ఆమె పుట్టింటివాళ్లు పడవలు, ఓడల పనివాళ్లు, సొంత రేవున్న కుటుంబం. ఈ సంబంధంతో ఒంటరి పరదేశికి బోస్టన్‌లో ఒక బలగం దొరికింది. పెద్దకొడుకు పాల్‌కి బాప్తిస్మం కొత్త క్యాలెండర్ లెక్కలో 1735 జనవరి 1న అయింది. ఇంటి కథనాల్లో ఒకటి నాకు ఇష్టం. పదిహేనేళ్ల కొడుకు సొంత గుడి వదిలి వెస్ట్ చర్చిలో జొనాథన్ మేహ్యూ బోధ వినడానికి వెళ్లాడు. ఆ మేహ్యూ రాజుల దైవాధికారాన్ని ప్రశ్నించేవాడు. తండ్రి మండిపడి చెయ్యి చేసుకున్నాడట. విశ్వాసం కోసం ఊరూ పేరూ పోగొట్టుకున్న మనిషికి అందులో ఎంత భయం ఉందో ఆ కుర్రాడికి అప్పుడు తెలిసి ఉండదు.

1754లో తండ్రి పోయాడు. మా నాన్న ఆస్తి ఏమీ మిగల్చలేదు, మంచి పేరునీ ఏడుగురు పిల్లల్నీ మిగిల్చాడని కొడుకు తర్వాత చుట్టాలకి రాసుకున్నాడు. పందొమ్మిదేళ్ల వాడి మీద కొట్టు, సంసారం రెండూ పడ్డాయి. రెండేళ్లకి, 1756లో, అదే కొడుకు సైన్యంలో లెఫ్టినెంట్‌గా చేరి కెనడా ఫ్రెంచివాళ్ల మీద యుద్ధానికి వెళ్లాడు. ఫ్రెంచివాడి కొడుకు ఫ్రాన్స్ మీదికే కత్తి పట్టాడు. వలస వచ్చిన ఇళ్లల్లో ఇది వింతేమీ కాదు. తండ్రికి ఏ రాజ్యం అన్యాయం చేసిందో ఆ పిల్లలు విని పెరుగుతారు.

చుట్టాలని వెతికిన కొడుకు

సవారీ, బోస్టన్ కాల్పుల మీద చెక్కిన బొమ్మ, తిరుగుబాటు ప్రభుత్వానికి నోట్లు చెక్కడం, వీటి గురించి బోలెడు పుస్తకాలున్నాయి. ఎస్తర్ ఫోర్బ్స్ రాసిన జీవితచరిత్రకి 1943లో పులిట్జర్ వచ్చింది. అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. స్వాతంత్ర్య యుద్ధం చివరి రోజుల్లో, ఆ తర్వాతా, రెవీర్ తండ్రి తరఫు చుట్టాలతో ఉత్తరాలు నడిపాడు. గెర్న్‌సీలో ఉన్న జాన్ రివార్ బ్రిటన్ పక్షం. మీరు చేసేది దైవానికీ న్యాయానికీ విరుద్ధమని మందలించాడు. రెవీర్ ఊరుకోలేదు. వలసరాజ్యాలకి జరిగిన అన్యాయం అంతా ఏకరువు పెట్టి ఘాటుగా జవాబు రాశాడు. సాంత్ ఫ్వా దగ్గర ఉండే మతియాస్ రివార్ ఫ్రెంచిలో రాసేవాడు. తనకి ఫ్రెంచి సరిగ్గా అర్థమయ్యేంత రాదని రెవీర్ ఒప్పుకున్నాడు. ఒక్క తరంలోనే భాష పోయింది. డాలస్‌లో, న్యూజెర్సీలో మనవలతో ఫోన్లో మాట్లాడే మన తాతలకి ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. భాష పోయినా చుట్టరికం వదలని ఆ పట్టుదల వల్లే ఐజాక్ కాలం నాటి సంగతులు అమెరికా రెవీర్లకి చేరాయి. ఆ కుటుంబం కాగితాలు ఇప్పుడు బోస్టన్‌లోని మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉన్నాయి.

ఇద్దరు భార్యలకి పుట్టిన రెవీర్ సంతానం పదహారు మంది. అతను 1801లో కాంటన్‌లో రాగి రేకుల మిల్లు పెట్టాడు. మసాచుసెట్స్ స్టేట్ హౌస్ గోపురానికి రాగి తొడిగింది ఆ మిల్లే. దాన్ని కొడుకు జోసెఫ్ వారెన్ రెవీర్ పెంచి పెద్ద చేశాడు. అతని కొడుకులిద్దరు, అంటే అపోలోస్ ముని మనవలు, అంతర్యుద్ధంలో 20వ మసాచుసెట్స్ దళంలో పనిచేశారు. డాక్టరు ఎడ్వర్డ్ రెవీర్ 1862లో ఆంటీటమ్‌లో చనిపోయాడు. కర్నల్ పాల్ జోసెఫ్ రెవీర్ 1863 జులైలో గెటిస్‌బర్గ్‌లో తగిలిన గాయంతో పోయాడు. బానిసత్వాన్ని కూల్చిన యుద్ధమది.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, హ్యూగనాట్ సంతతి అందరి చరిత్రా ఇంత గర్వంగా చెప్పుకునేది కాదు. ఫెన్యుల్ సంపదలో బానిస వ్యాపారం సొమ్ము కలిసి ఉంది. చార్లెస్టన్‌లో స్థిరపడిన హ్యూగనాట్ కుటుంబం వారసుడు హెన్రీ లారెన్స్ కాంటినెంటల్ కాంగ్రెస్‌కి అధ్యక్షుడయ్యాడు. అంతకుముందు అతను ఆఫ్రికా నుంచి తెచ్చిన మనుషుల్ని వేలల్లో అమ్మిన వర్తకుడు. తాతలు గొలుసులకి భయపడి పారిపోయి వస్తే, మనవలు ఇంకొకరికి గొలుసులు వేశారు. వంశవృక్షం గీసేటప్పుడు ఈ కొమ్మని కత్తిరించకూడదు. హెన్రీ కొడుకు జాన్ లారెన్స్ బానిసల్ని సైన్యంలో చేర్చుకుని విముక్తి ఇద్దామని గట్టిగా వాదించి, 1782లో యుద్ధంలోనే చనిపోయాడు. అదీ ఆ వృక్షంలోనే ఉంది.

కాంటినెంటల్ కాంగ్రెస్ అధ్యక్షుల్లో ముగ్గురు, లారెన్స్, జాన్ జే, ఎలియాస్ బూడినో, హ్యూగనాట్ రక్తం పంచుకున్నవాళ్లు. జార్జ్ వాషింగ్టన్ పూర్వీకుల్లో ఒకరైన నికొలాస్ మార్త్యో 1620లోనే వర్జీనియా వచ్చిన హ్యూగనాట్. పియర్ బోడ్వాన్ 1687లో మెయిన్ తీరానికి చేరి భూమి కోసం అర్జీ పెట్టుకున్నాడు. 1690 మేలో అతనున్న ఊరి మీద ఫ్రెంచి, స్థానిక తెగల దళాలు విరుచుకుపడడానికి ఒక్క రోజు ముందు కుటుంబంతో బోస్టన్ బయల్దేరాడు. ఒక రోజు ఆలస్యమై ఉంటే ఆ ఇంటి కథ అక్కడితో ముగిసేది. అతని మనవడు జేమ్స్ బౌడిన్ మసాచుసెట్స్ గవర్నరయ్యాడు. మెయిన్‌లోని బౌడిన్ కాలేజీకి ఆ పేరే పెట్టారు.

పూర్వీకుడు హ్యూగనాట్ అని చెప్పుకునే ఉత్సాహం అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో బాగా పెరిగింది. 1883లో హ్యూగనాట్ సొసైటీ ఆఫ్ అమెరికా ఏర్పడింది. ఫ్రెంచి ఇంటిపేరున్న ప్రతి వలసదారుడూ హ్యూగనాట్ కాడు. నిజంగా వెతికేవాళ్లు ఇంట్లో విన్న కథని పక్కన పెట్టి, ఈ తరం నుంచి ఒక్కో మెట్టే వెనక్కి వెళతారు. పెళ్లి రిజిస్టరు, వీలునామా, భూమి దస్తావేజు, శిష్యరికం పత్రం, గుడి చందాల పుస్తకం, ఏదో ఒక కాగితం పట్టివ్వాలి. సముద్రం దాటించే కాగితం దొరకడం అన్నిటికన్నా కష్టం. రివార్ల విషయంలో అది దొరికింది, ఎందుకంటే రెండు వైపులా రాసిపెట్టుకునే మనుషులున్నారు.

ఫ్రాన్స్ తన తప్పు దిద్దుకోవడానికి నూట అయిదేళ్లు పట్టింది. విప్లవం వచ్చాక 1790 డిసెంబరులో చేసిన చట్టం, మతం వల్ల దేశం వదిలినవాళ్ల వారసులు ఎన్నో తరం వాళ్లైనా తిరిగి వచ్చి స్థిరపడితే ఫ్రెంచి పౌరులేనంది. ఆ హక్కు 1945 దాకా అమల్లో ఉంది.

పిల్లల దగ్గరికో చదువుకో బోస్టన్ వెళ్లే మనవాళ్లు నార్త్ స్క్వేర్‌లోని రెవీర్ ఇల్లు తప్పకుండా చూడండి. 1680 ప్రాంతంలో కట్టిన ఆ కొయ్య ఇంటిని కూల్చేస్తారేమోనన్న భయంతో రెవీర్ వారసుడొకరు 1902లో కొన్నారు. 1908 నుంచి అది మ్యూజియం. 1768 నాటి వెండి గిన్నె మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. వచ్చాక ఇంకో పని చెయ్యండి. విమానమెక్కి వెళ్లిన మీ పిల్లల గురించి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. పుట్టిన తేదీ, వేళ, ఊరు, పొడి అక్షరాలు కాకుండా పూర్తి ఇంటిపేరు, మేనమామల పేర్లు, ఇల్లు వదిలిన రోజు రాయండి. ఒక ప్రతి వాళ్లకీ పంపండి.